బీఎడ్ పుస్తకంలోని ఒక మాట

మా నాన్న సెకండరీ గ్రేడ్ టీచరు. పదోన్నతి కోసం దూరవిద్యలో బీఎడ్ చదువుతున్న రోజుల్లో, రాత్రి భోజనాలయ్యాక నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రశ్నలు అడిగించుకునేవారు. పుస్తకం నా చేతిలో ఉండేది. 'చేయడం ద్వారా నేర్చుకోవడం, ఏ వాదం?' అని నేను చదవగానే ఆయన కళ్లు మూసుకుని 'వ్యవహారిక సత్తావాదం, జాన్ డ్యూయీ' అనేవారు. భావవాదం అంటే ప్లేటో, ప్రకృతివాదం అంటే రూసో, వ్యవహారిక సత్తావాదం అంటే డ్యూయీ. ఎనిమిదో తరగతిలో ఉన్న నాకు అవన్నీ ఎక్కాల్లాగా నోటికి వచ్చేశాయి.

ఆ పుస్తకంలో 'ఉపయోగపడేదే సత్యం' అన్న వాక్యం కింద నాన్న ఎర్ర సిరాతో రెండు గీతలు గీసుకున్నారు. రెండు గీతలంటే తప్పకుండా వచ్చే బిట్టు అని గుర్తు. ఒకరోజు నాకు అనుమానం వచ్చి, "పక్కవాడి పేపరు చూసి రాసింది కూడా ఉపయోగపడుతుంది కదా నాన్నా, అది సత్యమేనా?" అని అడిగాను. నాన్న కాసేపు ఆలోచించి, "పరీక్షకు ఇంతవరకు చాలమ్మా. ఆయన అసలు ఏమన్నాడో తెలియాలంటే ఆయన పుస్తకం చదవాలి" అన్నారు. ఆ పుస్తకం కోసం ఒంగోలులో రెండు దుకాణాల్లో అడిగాం. దొరకలేదు.

ఇప్పుడు నేను అమెరికాలో, మిడ్‌వెస్ట్ ప్రాంతంలోని ఒక చిన్న కళాశాలలో తత్వశాస్త్రం బోధిస్తున్నాను. నాన్న పుస్తకం వ్యవహారిక సత్తావాదం అన్న ప్రాగ్మాటిజమే నా ప్రధాన విషయం. ఆ వాదానికి ఆద్యులైన అమెరికన్ తత్వవేత్తలు చార్లెస్ పర్స్, విలియం జేమ్స్, జాన్ డ్యూయీ రాతలతోనే నా ఉద్యోగ జీవితం నడుస్తోంది. ఈ దారిలోకి రావాలనుకునే పిల్లలు అప్పుడప్పుడు ఉత్తరాలు రాస్తుంటారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎన్నేళ్లు పడుతుంది, ఉద్యోగం వస్తుందా అని అడుగుతారు. నేను బయలుదేరినప్పుడు ఈ సంగతులు తెలుగులో చెప్పేవారు నాకు దొరకలేదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్నా మనసు ఇంజినీరింగు వైపు పోలేదు. డిగ్రీలో బీఏ చేసి, హైదరాబాద్‌లో తత్వశాస్త్రం ఎంఏలో చేరాను. బంధువులు ఏమన్నారో రాయడం మొదలుపెడితే అదే ఒక వ్యాసమవుతుంది. అమ్మ మాత్రం "చదివేదేదో శ్రద్ధగా చదువు" అని ఊరుకుంది.

ఎంఏలో పాశ్చాత్య తత్వశాస్త్రం దెకార్త్ దగ్గర మొదలై కాంట్ దాకా వచ్చేది. ఆ పైన రస్సెల్, విట్గెన్‌స్టైన్. ప్రాగ్మాటిజానికి సెమిస్టరు చివర రెండు వారాలు దక్కేవి. ఆ రెండు వారాల కోసమే లైబ్రరీలో పర్స్ సంకలిత రచనల అయిదో సంపుటం తీశాను. ఆ సంపుటాలను పేరాల సంఖ్యలతో ఉటంకిస్తారు. 5.402 అంటే అయిదో సంపుటం, 402వ పేరా. ప్రాగ్మాటిజం సూత్రం ఉన్నది ఆ పేరాలోనే. 1878లో ఒక పత్రికలో అచ్చయిన వ్యాసం అది. ఒక వస్తువు గట్టిది అంటే ఏమిటి అని అడుగుతారు పర్స్. ఇతర వస్తువులు చాలావాటితో గీసినా దాని మీద గీత పడదు. గట్టిదనం అన్న భావనకు ఉన్న అర్థమంతా అలాంటి ఫలితాల్లోనే ఉందని ఆయన వాదన. అంటే అది మాటకు అర్థం తేల్చుకునే పద్ధతి. మనకు కలిసివచ్చేదల్లా నిజమే అన్న మాట అందులో ఎక్కడా లేదు. ఇంకాస్త ముందుకు వెళితే సత్యం గురించి కూడా ఉంది: అన్వేషించే వారందరూ చివరికి అంగీకరించక తప్పని అభిప్రాయమే సత్యం. లైబ్రరీ బల్ల దగ్గర కూర్చుని నాన్న గీసిన ఎర్ర గీతలు తలచుకున్నాను. ఆ వాక్యం ఎవరిదో గానీ పర్స్‌ది మాత్రం కాదు.

ఆ ఏడాదే ఇంకో చిక్కు ఎదురైంది. భారతీయ దర్శనాల క్లాసులో అద్వైతం వచ్చింది. అక్కడ సత్త, అంటే ఉనికి, మూడు మెట్లు. తాడును చూసి పాము అనుకుంటే ఆ పాముది ప్రాతిభాసిక సత్త. తాడుది వ్యావహారిక సత్త. బ్రహ్మానిది పారమార్థిక సత్త. వ్యావహారికం అంటే లోకవ్యవహారం సాగినంతవరకు నిజం, బ్రహ్మజ్ఞానం కలిగాక నిలవనిది. మన బీఎడ్ పుస్తకాలు ప్రాగ్మాటిజానికి ఈ నడిమి మెట్టు పేరు పెట్టాయి. డ్యూయీ పోరాటమంతా ఆ మెట్ల మీదే అని తరవాత తెలిసింది. మారే లోకానికి పైన మారని లోకం ఒకటి ఉందని, అదే అసలైనదని గ్రీకుల కాలం నుంచి తత్వవేత్తలు చెప్పుకొచ్చారని, దానివల్ల చేతులతో పనిచేసేవాడు తక్కువ, కూర్చుని ధ్యానించేవాడు ఎక్కువ అయ్యాడని 1929లో వచ్చిన పుస్తకంలో ఆయన వివరంగా చూపించారు. మెట్లే వద్దన్న మనిషి సిద్ధాంతాన్ని మనం మెట్టు మీద కూర్చోబెట్టాం. ఆ అనువాదం చేసిన పెద్దల మీద నాకు కోపం లేదు, వారు దగ్గరగా దొరికిన మాట తీసుకున్నారు. కానీ లక్షలమంది ఉపాధ్యాయులు ఆ పేరుతోనే డ్యూయీని చదివారన్నది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

2008లో అమెరికాలో పీహెచ్‌డీకి సీటు, టీచింగ్ అసిస్టెంటుగా స్టైపెండు వచ్చాయి. మొదటి సెమినారులో నేను 'పియర్స్' అన్నాను. ప్రొఫెసరు అందరి ముందు సరిదిద్దలేదు. తన మాటల్లో రెండుసార్లు మెల్లగా 'పర్స్' అని పలికారు. మూడోసారి నాకు అర్థమైంది. నాకు గైడు అయింది ఆయనే. విద్యార్థులతో ఎలా మెలగాలన్నది ఆ ఒక్క గంటలోనే ఆయన దగ్గర నేర్చుకున్నాను.

ప్రాగ్మాటిజం కోసం వెళ్లినా మొదటి రెండేళ్లు మిగతావన్నీ చదవాలి. గణిత తర్కం, అరిస్టాటిల్, హ్యూమ్, కాంట్, నీతిశాస్త్రం. ప్రాగ్మాటిజంలో రెండేళ్లకు ఒక్క కోర్సు. అప్పుడు విసుగ్గా ఉండేది. కాంట్‌ను చదవకుండా పర్స్ జోలికి వెళ్లకూడదని ఇప్పుడు నా విద్యార్థులకు నేనే చెబుతున్నాను.

మూడో ఏడాది సమగ్ర పరీక్షలో ఒక భాగం తప్పాను. అంతవరకు ఏ పరీక్షా తప్పని నాకు అది పెద్ద దెబ్బ. జవాబుపత్రం చివర గైడు పెన్సిలుతో ఇలా రాశారు: "పర్స్ ఏమన్నారో ఇందులో ఉంది. నీ సందేహం ఏమిటో లేదు." ఆ కాగితం పట్టుకుని రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. తరవాత పర్స్ 1868లో రాసిన వ్యాసం మళ్లీ తీశాను. దెకార్త్ అన్నిటినీ సందేహించి మొదలుపెడదాం అంటారు. అది కుదరదంటారు పర్స్. మనసులో సందేహించని దాన్ని తత్వశాస్త్రంలో సందేహిస్తున్నట్టు నటించవద్దని ఆయన మాట. ఎన్నిసార్లు చదివానో ఆ వ్యాసం! నేను చేస్తున్నది సరిగ్గా ఆ నటనే అని అప్పటిదాకా తట్టలేదు. అరువు ప్రశ్నలకు అరువు జవాబులు రాస్తున్నాను.

నాకు నిజంగా ఉన్న సందేహం ఏమిటని వెతుక్కుంటే అది హైదరాబాద్‌లో మిగిలిపోయినదే. ఎంఏలో మాకు న్యాయదర్శనం తొలి పాఠాలుగా తర్కసంగ్రహం చెప్పిన మాస్టారు ఒకరోజు గౌతముడి న్యాయసూత్రాలకు వాత్స్యాయనుడు రాసిన భాష్యంలోని మాట చెప్పారు: న్యాయం, అంటే తర్కించి తేల్చడం, ప్రవర్తించేది తెలియని విషయంలో కాదు, తేలిపోయిన విషయంలోనూ కాదు, సంశయం ఉన్న విషయంలోనే. గౌతముడి పదహారు పదార్థాల్లో, అంటే ఆయన చర్చించే అంశాల్లో, సంశయం మూడోది, నిర్ణయం తొమ్మిదోది. సందేహంతో మొదలై నిర్ణయంతో ఆగే ఆ నడక, సందేహమనే చికాకుతో మొదలై నమ్మకం కుదరగానే ఆగే పర్స్ నడక ఒకటేనా? పైకి ఒకటిగా కనబడుతున్నాయా? అది నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న. పరీక్ష రెండోసారి రాసి గట్టెక్కాను. ఆ ప్రశ్నే నా థీసిస్ అయింది.

2012 వేసవిలో హార్వర్డ్‌లోని హౌటన్ లైబ్రరీకి వెళ్లాను. పర్స్ రాతప్రతులు ఉన్నది అక్కడే. ఆయన 1914 ఏప్రిల్‌లో పెన్సిల్వేనియాలోని మిల్‌ఫర్డ్‌లో, పేదరికంలో, కేన్సర్‌తో చనిపోయారు. ఆ తరవాత ఆయన భార్య జూలియెట్ దగ్గరున్న కాగితాలు హార్వర్డ్‌కు చేరాయి. అచ్చులో వచ్చింది వాటిలో కొంత భాగమే. అంతకుముందు మైక్రోఫిల్ములో చూశాను గానీ కాగితం చూడటం వేరు.

బ్యాగు లాకరులో పెట్టాలి. కలం పనికిరాదు, పెన్సిలు మాత్రమే. పెట్టెలోంచి ఒకసారి ఒక్క ఫోల్డరే బయటికి తీయాలి. నా ముందుకు వచ్చిన మొదటి ఫోల్డరులో ఒక వ్యాసానికి మొదటి పుట. తిప్పితే మళ్లీ అదే మొదటి పుట, రెండు మాటల మార్పుతో. తిప్పితే మళ్లీ అదే. కొన్ని సగం దాకా వచ్చి ఆగిపోయాయి. ఒకదానిలో వాక్యం క్రియ దాకా వచ్చి ఆగింది. దస్తూరి మాత్రం ఎక్కడా చెదరలేదు, అక్షరాలు నిటారుగా, బారులు తీరి ఉన్నాయి. ఒక పుటలో కొట్టివేసిన మాట మీద రాసిన మాటను కూడా కొట్టివేసి, మొదటి మాటనే పక్కన మళ్లీ రాశారు. ఆ పుట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఎవరూ అచ్చు వేస్తారన్న భరోసా లేదు, జీతం లేదు, చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉంచుకోవడానికే కష్టమైన రోజులు. అయినా ఒక్క మాట కోసం అంత వెనకాముందాడారు.

ఆయన జీవితంలో స్థిరమైన బోధన ఉద్యోగం అంటూ ఉన్నది జాన్స్ హాప్కిన్స్‌లో 1879 నుంచి 1884 వరకు, అదీ తర్కశాస్త్రం లెక్చరరుగా. అక్కడ ఆయన తర్కం పాఠాలు విన్నవారిలో యువకుడైన డ్యూయీ ఒకరు. పాఠం మరీ గణితంగా ఉందని డ్యూయీకి అప్పట్లో నచ్చలేదు. విడాకులు పూర్తి కాకముందే జూలియెట్‌తో కలిసి ఉన్నారన్న సంగతి ధర్మకర్తల చెవిన పడి పర్స్ ఉద్యోగం పోయింది. మళ్లీ ఏ విశ్వవిద్యాలయమూ ఆయనను తీసుకోలేదు. విలియం జేమ్స్ స్నేహితుల దగ్గర చందాలు పోగుచేసి పంపేవారు, ఉపన్యాసాలు ఏర్పాటు చేసేవారు. 1898లో బర్కిలీలో చేసిన ప్రసంగంలో ప్రాగ్మాటిజం అన్న పేరును లోకానికి వినిపించి, ఇది పర్స్‌ది అని చెప్పినదీ జేమ్సే. జేమ్స్ సిద్ధాంతంతో నాకు పేచీలు ఎన్నో ఉన్నాయి. ఆ స్నేహానికి మాత్రం తలవంచుతాను.

థీసిస్ రాయడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. 2014 జులైలో మసాచుసెట్స్‌లోని లోవెల్‌లో పర్స్ శతవర్ధంతి మహాసభ జరిగితే ఒక అధ్యాయం అక్కడ చదివాను. పేర్లు మాత్రమే తెలిసిన పండితులు ముందు వరుసలో కూర్చుని విన్నారు. ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చి 'నిర్ణయ' అన్న మాటను రెండుసార్లు పలికించుకుని చీటీ మీద రాసుకున్నారు.

2015 వసంతంలో వైవా. బయటి పరీక్షకులలో ఒకరు సంస్కృత పండితురాలు. ఆమె ఒక్క ప్రశ్నే అడిగారు: "నిర్ణయానికి ముందు ఎప్పుడూ సంశయం ఉండాలని నువ్వు రాశావు. కానీ ప్రత్యక్షంలో, శాస్త్రంలో, వాదంలో సంశయం లేకుండానే నిర్ణయం కలుగుతుందని అదే వాత్స్యాయనుడు అన్నాడు కదా?" ప్రత్యక్షం అంటే ఇంద్రియాలకు నేరుగా తెలిసేది, శాస్త్రం అంటే ప్రామాణిక గ్రంథం, వాదం అంటే నిజం తేల్చుకోవడానికి చేసే చర్చ. నా గుండె జారిపోయింది. ఆ పంక్తి నేను చదివినదే, పక్కన పెట్టినదే. కాసేపు మౌనంగా ఉండి, ప్రత్యక్షం సంగతి మాత్రం చెప్పగలనన్నాను. కంటికి కనబడిన దాని మీద మొదట కలిగే తీర్పు మన అదుపులో ఉండదు కాబట్టి దాన్ని విమర్శించడానికి వీల్లేదని పర్స్ 1903 నాటి హార్వర్డ్ ఉపన్యాసాల్లో అంటారు. కనుక అక్కడ ఇద్దరూ దగ్గరే. శాస్త్రం దగ్గర మాత్రం విడిపోతారు. శాస్త్రం చెప్పింది కాబట్టి సందేహం అక్కర్లేదు అన్న చోట పర్స్ ఆగరు. వాదం గురించి నా దగ్గర జవాబు లేదు, అదే చెప్పాను. ఆమె తల ఊపి "అది రాయి" అన్నారు. పట్టా వచ్చాక ఆ ఒక్క విషయం మీద రాసిన వ్యాసమే నా రచనల్లో ఎక్కువమంది చదివినది.

ఇక ఉద్యోగం వేట. దీని గురించి తెలుసుకోకుండా ఎవరూ విమానం ఎక్కవద్దని నా మనవి. ప్రకటనలు ఆగస్టు నుంచి నవంబరు మధ్య వస్తాయి. దరఖాస్తుతో పాటు పరిచయ లేఖ, ఒక పరిశోధన వ్యాసం, బోధన మీద ఒక ప్రకటన, కనీసం మూడు సిఫారసు లేఖలు పంపాలి. ఆ రోజుల్లో మొదటి ఇంటర్వ్యూలు డిసెంబరు చివరి వారంలో అమెరికన్ తత్వశాస్త్ర సంఘం సమావేశాల్లో, హోటళ్లలో జరిగేవి. ఇప్పుడు చాలామటుకు కంప్యూటర్ తెర మీదే. అది దాటితే కళాశాలకు పిలుస్తారు. రెండు రోజులు అక్కడే ఉండి ప్రసంగం చేయాలి, ఒక క్లాసు చెప్పి చూపించాలి, డీన్‌తో మాట్లాడాలి, భోజనాల బల్ల దగ్గర కూడా కొలతే. నేను వెతికిన ఏడాది నీతిశాస్త్రానికి, వైద్యనీతికి ప్రకటనలు బాగానే కనిపించాయి. ప్రాగ్మాటిజం అని స్పష్టంగా అడిగినవి వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉన్నాయి. 43 దరఖాస్తులు పెడితే మూడు ఇంటర్వ్యూలు వచ్చాయి. భారతీయ దర్శనాలు కావాలన్నవారికి నేను అమెరికన్ తత్వశాస్త్రం మనిషిని. అమెరికన్ తత్వశాస్త్రం కావాలన్నవారికి నేను న్యాయదర్శనం మనిషిని. ఒక చోట నా ప్రసంగం అయ్యాక ఒక సీనియర్ ప్రొఫెసరు "ఇది బాగుంది, కానీ ఇది తత్వశాస్త్రమేనా?" అని అడిగారు. రెండు వేల ఏళ్ల న్యాయ సంప్రదాయం గురించి అడిగిన ప్రశ్న అది. మర్యాదగానే జవాబిచ్చాను. ఆ బాధ ఇంకా పోలేదు.

వీసా సంగతి తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. చదువయ్యాక పనిచేసుకోవడానికి ఇచ్చే ఓపీటీ మాకు 12 నెలలే. సైన్సు, ఇంజినీరింగు వాళ్లకు దొరికే పొడిగింపు తత్వశాస్త్రానికి లేదు. నా గదిలో ఉండే అమ్మాయి గుంటూరు నుంచి వచ్చి కంప్యూటర్ సైన్సు చదివింది. ఆమె గోడ మీద క్యాలెండరు, నా గోడ మీద క్యాలెండరు వేరు వేరుగా నడిచేవి. ఆ 12 నెలలు రెండు కళాశాలల్లో కోర్సుకు ఇంత అని ఇచ్చే పార్ట్‌టైం పని చేశాను. ఆ చలికాలంలోనే, 1902లో పర్స్ కార్నెగీ సంస్థకు పెట్టుకున్న దరఖాస్తు చదివాను. తన తర్కశాస్త్రమంతా 36 ప్రకరణాలుగా రాసి ఇస్తాను, బతకడానికి కొంత సాయం చేయండి అని అడిగారు. పెద్దపెద్దవారు సిఫారసు చేసినా మంజూరు కాలేదు.

కానీ ఆ ఏడాదే నేను టీచరునయ్యాను. ఒక కళాశాలలో నాకిచ్చింది సాయంత్రం ఏడు గంటల క్లాసు. పగలు పనిచేసి వచ్చేవాళ్లే అందరూ. నమ్మకం అంటే దాని మీద పని చేయడానికి సిద్ధపడి ఉండటమే అన్న పర్స్ మాట చెబుతున్నాను. వెనక వరుసలో ఆసుపత్రి యూనిఫాంలో కూర్చున్న నర్సు చెయ్యెత్తింది. "డోసు సరిగ్గా ఉందని నమ్మితే ఇంజెక్షను ఇస్తాను. నమ్మకపోతే డాక్టరుకు ఫోను చేస్తాను. సిరంజి చేతిలో పట్టుకుని మధ్యలో ఉండిపోవడం నాకు కుదరదు" అంది. సందేహం ఎందుకు చికాకుపెడుతుందో, మనిషిని ఎందుకు కదిలిస్తుందో నేను రాసిన రెండు వందల పుటల్లో ఇంత తేటగా లేదు. ఆ రాత్రి బస్సులో ఆ మాటలు నోటుబుక్కులో రాసుకున్నాను. ఇప్పటికీ ప్రతి సెమిస్టరు సిరంజితోనే ఆ పాఠం మొదలుపెడతాను.

2016లో ఏడాది కాలానికి ఒక తాత్కాలిక ఉద్యోగం, అది మరో ఏడాది పొడిగింపు. 2018లో ఇప్పుడున్న కళాశాలలో టెన్యూర్ దారి ఉద్యోగం వచ్చింది. ఆరేళ్ల తరవాత బయటి పండితులు నా రచనలు చదివి ఇచ్చిన అభిప్రాయాల మీద 2024లో ఉద్యోగం స్థిరమైంది. ఒంగోలులో బిట్లు చదివిన అమ్మాయి నుంచి లెక్క వేసుకుంటే చాలా ఏళ్లే పట్టింది. ఈ మధ్యకాలంలో నాన్న బీఎడ్ పూర్తి చేశారు, స్కూల్ అసిస్టెంట్ అయ్యారు, రిటైరయ్యారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన కోర్సు డ్యూయీ, అంబేద్కర్‌లను కలిపి చెప్పేది. మా ఊరి కూడలిలో చేతిలో పుస్తకంతో అంబేద్కర్ విగ్రహం ఉంది. నాన్న బీఎడ్ పుస్తకంలో డ్యూయీ ఉన్నారు. ఇద్దరికీ మధ్య ఉన్న బంధం మాత్రం నాకు 24 ఏళ్లు వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు. 1913 నుంచి 1916 వరకు కొలంబియాలో చదివినప్పుడు అంబేద్కర్ డ్యూయీ పాఠాలు విన్నారు. 1936లో లాహోర్ సభ కోసం రాసి, సభ రద్దయితే సొంతంగా అచ్చు వేయించిన కులనిర్మూలన ప్రసంగంలో డ్యూయీని తన గురువని, ఆయనకు ఎంతో రుణపడ్డానని రాశారు. ప్రజాస్వామ్యం అంటే ప్రభుత్వ రూపం మాత్రమే కాదు, కలిసి బతికే పద్ధతి అన్న గురువు మాట శిష్యుడి రాతలో అలాగే కనబడుతుంది. కట్టుబాటు వేరు, సూత్రం వేరు అన్న విడదీత కూడా డ్యూయీ నీతిశాస్త్రం నుంచి వచ్చినదే. కానీ దాన్ని తీసుకుపోయి ధర్మశాస్త్రాల ముందు పెట్టి, 'ఇది మతమా, నిబంధనల పట్టికా?' అని నిలదీయడం అంబేద్కర్ సొంతం. డ్యూయీ అంత గట్టిగా ఎవరినీ అడగలేదు. 1952 జూన్‌లో కొలంబియా గౌరవ డాక్టరేట్ అందుకోవడానికి బయలుదేరిన అంబేద్కర్ గురువును చూడాలనుకున్నారు. దారిలో ఉండగానే డ్యూయీ చనిపోయారు. ఈ సంగతి చెప్పిన రోజు నా క్లాసు నిశ్శబ్దంగా ఉంటుంది. అయోవా, ఇలినాయ్ పల్లెల నుంచి వచ్చిన పిల్లలు, గంట మోగినా వెంటనే లేవరు.

కొన్నేళ్లుగా సాయంత్రాలు పర్స్ 1877 వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. మనుషులు తమ నమ్మకాలను నాలుగు రకాలుగా స్థిరపరచుకుంటారని చెప్పే వ్యాసం అది. మొండిగా పట్టుకుని వేలాడటం, అధికారం చెప్పినట్టు వినడం, బుద్ధికి ఇంపుగా తోచినదాన్ని ఒప్పుకోవడం, చివరిది శాస్త్ర పద్ధతి, అంటే సైన్సు పద్ధతి. పనిలో దిగాక తెలిసింది, ప్రతి మాటా ఒక పేచీయే. అన్వేషణకు 'విచారణ' అందామంటే పోలీసు స్టేషను గుర్తొస్తుంది. సంస్కృతంలో ఉన్న 'విచారం' తెలుగులో దుఃఖమై కూర్చుంది. 'విశ్వాసం' అంటే దేవుడి దగ్గరికి పోతుంది. నమ్మకం సరే అనుకున్నాను. దాన్ని స్థిరపరచడం అన్న శీర్షిక దగ్గర ఏడాది ఆగిపోయాను. 'నమ్మకాల స్థిరీకరణ' అని రాసుకుంటే ధరల స్థిరీకరణ నిధిలా ఉంది.

కిందటేడు నాన్నకు మోకాలి ఆపరేషను చేయాలన్నారు. ఫోనులో అడిగితే, "డాక్టరు చెప్పింది విన్నానమ్మా. నాకింకా నమ్మకం కుదరలేదు. ఇంకొకరికి కూడా చూపిస్తాను" అన్నారు. ఆపరేషను గురించి ఇంకా ఏదో చెబుతున్నారు, నేను "నాన్నా, ఒక్క నిమిషం" అని కాగితం వెతుక్కున్నాను. కుదరడం! రోజూ అనే మాట, థీసిస్‌లోనూ మనసులో అదే అనుకుంటూ రాశాను, అయినా చెవిన పడలేదు. అడుగు గుండ్రంగా ఉన్న కుండ దొర్లిపోకుండా కింద పెట్టేది కుదురు. నమ్మకం కుదరడం, అంటే దానంతటది నిలబడటం. కుదుర్చుకోవడం, మనకు మనం నిలబెట్టుకోవడం. కుదర్చడం, ఇంకొకరి మనసులో నిలబెట్టడం. పర్స్ చెప్పిన మొండి మనిషి కుదుర్చుకుంటాడు. అధికారం కుదురుస్తుంది. శాస్త్ర పద్ధతిలో మాత్రం మన ఇష్టాయిష్టాలతో పనిలేని బయటి లోకం తగిలి నమ్మకం కుదురుతుంది. ఇంగ్లీషులో 'ఫిక్సేషన్' అన్న ఒకే మాటలో కలిసిపోయిన మూడూ తెలుగులో క్రియ చివర విడివిడిగా ఉన్నాయి. శీర్షిక 'నమ్మకం కుదిరే తీరు' అని మార్చాను.

నాన్న రెండో డాక్టరుకు చూపించుకుని ఆపరేషను చేయించుకున్నారు. మంచం మీద ఉన్న నెలరోజుల్లో చదవడానికి అనువాదం ప్రింటు తీయించి పంపాను. పోయిన వారం పుటలన్నీ ఫొటోలు తీసి తిరిగి పంపారు. అచ్చుతప్పులు దిద్దారు, రెండు చోట్ల వాక్యం పొడవైందని రాశారు. మనం ఏమనుకున్నా మారని నిజమైన వస్తువులు ఉన్నాయి అన్న వాక్యం కింద ఎర్ర సిరాతో రెండు గీతలు ఉన్నాయి. పక్కన అంచులో చిన్న అక్షరాలతో ఒక ప్రశ్న: 'మరి ఉపయోగపడేదే సత్యం అని మేం చదివింది ఎవరిదమ్మా?'

జవాబు రాస్తున్నాను. జేమ్స్ 1907 ఉపన్యాసాల నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. నాలుగు పుటలైంది, ఇంకా సగంలోనే ఉన్నాను.